జమ్ము కోస్తే సీసం పోతుందా? విజయవాడ శివారు గుంట ఒకదాని కేస్ స్టడీ

నేలలో చేరిన సీసాన్ని, కాడ్మియాన్ని మొక్కలతో తీయించవచ్చా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. విజయవాడ తూర్పు శివారులో స్థలం ఉన్న ఒకాయన కూడా ఇందుకే నన్ను పిలిచారు. "గుంటనిండా జమ్ము మొలిచిందండీ. ఇది విషాన్ని పీల్చేస్తుందంట కదా. రెండు మూడేళ్లు కోయించి పారేస్తే నేల శుభ్రమైపోతుందా? ఆ తర్వాత మెరక పోయించి ప్లాట్లు చేసుకుంటాం" అన్నారు.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మొక్కలతో నేల శుభ్రం చేయడమనే శాస్త్రం ఉంది, కొన్నిచోట్ల అది పనిచేస్తుంది కూడా. ఈ గుంటలో మాత్రం పనిచేయదు. ఎందుకు పనిచేయదో తేల్చే క్రమంలో అంతకంటే ముఖ్యమైన విషయం బయటపడింది. జమ్ము పైకి లాగుతున్న లోహం నేలను శుభ్రం చేయడానికి ఏ మూలకూ చాలదు. కానీ అదే గట్టున పెరిగే ఆకుకూరలోకి చేరుతున్న లోహం, అంకెల్లో అంత చిన్నదే అయినా, తినేవాళ్లకు చాలా ఎక్కువ. ఈ కేసు రాయడానికి కారణం అదే.

యజమాని కోరిక మేరకు స్థలం ఆనవాళ్లు, ల్యాబ్ రిపోర్టులోని అసలు అంకెలు ఇక్కడ ఇవ్వడం లేదు. ఏది ఎక్కువ, ఏది తక్కువ, ఎన్ని రెట్లు అన్నది చెబుతాను. లెక్కలు చేసి చూపాల్సిన చోట ఊహగా తీసుకున్న గుండ్రటి అంకెలు వాడాను, అవి ఊహ అని అక్కడే చెప్పాను.

స్థలం

ఎకరానికి కాస్త తక్కువ పల్లపు నేల. ఒకవైపు పంట కాలువ గట్టు, ఇంకోవైపు పాత రేకుల షెడ్లు. ఆటోనగర్ చుట్టుపక్కల బండ్ల పని ఎలా ఉంటుందో ఈ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. బాడీ కట్టేవాళ్లు ఒకచోట, రేడియేటర్లు అతికేవాళ్లు ఒకచోట, బ్యాటరీలవాళ్లు ఇంకోచోట. ఈ షెడ్లలో ఒకదాంట్లో పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి సీసం పలకలు వేరుచేసేవారు. దాని పక్కదాంట్లో బంపర్లకు నికెల్ పాలిష్, క్రోమ్ పాలిష్ చేసేవారు. రెండూ మూతపడి చాలా కాలమైంది. షెడ్ల వెనక చిన్న మురుగు కాలవ ఉంది, దాని నోరు నేరుగా ఈ గుంటలోకే తెరుచుకుంటుంది.

వాడేసిన బ్యాటరీలను రిజిస్టరైన రీసైక్లర్లకే ఇవ్వాలని 2001 నుంచే కేంద్రం నిబంధనలు ఉన్నాయి. 2022లో వాటి స్థానంలో బ్యాటరీ వ్యర్థాలపై కొత్త నిబంధనలు వచ్చాయి. అయినా పెరట్లో గొడ్డలితో బ్యాటరీ పగలగొట్టి, యాసిడ్‌ను కాలవలో పారబోసి, పలకలు కరిగించే పని దేశంలో చాలా ఊళ్లలో ఇంకా నడుస్తూనే ఉంది. కడుపు కోసం చేసే పని అది, అందులో ముందు దెబ్బతినేది ఆ పని చేసేవాళ్లే. వాళ్ల పిల్లల గురించి ఆలోచిస్తే ఇంకా బాధేస్తుంది.

ఇక్కడి మట్టి మాకు కొంత సాయపడింది. కృష్ణ డెల్టా ఒండ్రు ఇది. జిగటగా ఉండే బంకమట్టి, అందులో సున్నం ఉంటుంది, పీహెచ్ ఎనిమిదికి దగ్గరలో, అంటే కాస్త క్షారంగా ఉంటుంది. బ్యాటరీలోని సల్ఫ్యూరిక్ యాసిడ్ ఇలాంటి మట్టిలో పడితే సున్నంతో కలిసి జిప్సం అవుతుంది, పులుపు విరిగిపోతుంది. సీసం మొదట సల్ఫేటుగా, తర్వాత కార్బొనేటుగా మారి మట్టిని పట్టుకుని ఉండిపోతుంది. అందుకే సీసం గుంటంతా సమానంగా పరుచుకోలేదు. మురుగు కాలవ నోటి దగ్గర విసనకర్ర ఆకారంలో పేరుకున్న బురదలోనే అత్యధికం ఉంది. అక్కడినుంచి దూరం వెళ్లేకొద్దీ బాగా తగ్గిపోయింది. ఇసుక నేల అయితే ఈ కథ వేరేగా ఉండేది.

నీటి సంగతి కూడా చెప్పాలి. గుంటకు నీళ్లు వానల వల్లా వస్తాయి, పక్క కాలువ ఊట వల్లా వస్తాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి డెల్టాకు నీళ్లు వదిలినన్నాళ్లూ గుంట నిండుగా ఉంటుంది. ఎండాకాలంలో కాలువ కట్టేస్తే ఊట తగ్గి, గట్టు చుట్టూ బురద బయటపడి నెర్రెలిస్తుంది. మధ్యలో మాత్రం తడి ఆరదు. ఏటా వచ్చిపోయే ఈ తడి, పొడి లోహాల నడకను ఎంతగా మారుస్తాయో తర్వాత తెలిసింది.

ఆశ పుట్టించిన కాగితం

నేను వెళ్లేసరికే యజమాని ఒక ల్యాబ్‌లో జమ్ము ఆకు పరీక్ష చేయించి ఉన్నారు. రిపోర్టులో సీసం చాలా ఎక్కువగా ఉంది. "చూశారా, ఎంత లాగిందో" అని సంతోషంగా చూపించారు. అదే కాగితంలో కింద ఇనుము, అల్యూమినియం కూడా ఉన్నాయి, రెండూ విపరీతంగా ఉన్నాయి. జమ్ము ఆకులో అంత అల్యూమినియం ఉండదు, మట్టిలో ఉంటుంది. అంటే ల్యాబ్ కొలిచినది ఆకుతో పాటు దానికి అంటిన బురదను కూడా.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. ఊహకు ఒక లెక్క చూడండి. బురదలో కిలోకు 2000 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుందాం. ఆకులో నిజంగా ఉన్నది 5 మిల్లీగ్రాములే. కడగని ఆకు ఎండు బరువులో నూటికి ఒక వంతు బురద కలిసినా అదే 20 మిల్లీగ్రాములు కలుపుతుంది. రిపోర్టులో దాదాపు 25 వస్తుంది. అయిదింట నాలుగు వంతులు మొక్కది కానే కాదు. సీసం, క్రోమియం లాంటివి మొక్క పైకి తక్కువగా పంపే లోహాలు కాబట్టి వీటి దగ్గరే ఈ పొరపాటు ఎక్కువ జరుగుతుంది. జింకు దగ్గర అంతగా తేడా తెలియదు.

అందుకే మళ్లీ మొదటినుంచి నమూనాలు తీశాం. ఆకులను నీటి మట్టానికి బాగా పైన కోసి, కుళాయి నీళ్లతో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టాం. వేర్లను రెండు భాగాలు చేశాం. ఒక భాగాన్ని మట్టి పోయేదాకా కడిగి అలాగే పంపాం. రెండో భాగానికి వేరుపై ఉన్న తుప్పు పూతను రసాయనంతో కరిగించి, ఆ ద్రావణాన్ని విడిగా, వేరును విడిగా పరీక్ష చేయించాం. బురదను పీవీసీ పైపు గుచ్చి నిలువుగా తీశాం. తీసిన వెంటనే సంచిలో గాలి లేకుండా కట్టి ఐస్‌లో పెట్టాం. నల్లటి బురదకు గాలి తగిలితే కాసేపట్లోనే గోధుమ రంగులోకి తిరుగుతుంది. రంగు మారిందంటే లోపలి రసాయనమూ మారిపోయిందన్నమాట. అలాంటి నమూనా చెప్పేది గుంట సంగతి కాదు, మన సంచి సంగతి.

ల్యాబ్ కొలత సరిగ్గా ఉందో లేదో తెలియడానికి, పంపేటప్పుడు లోహం లేని ఖాళీ నమూనా ఒకటి, లోహం ఎంతుందో ముందే తెలిసిన ప్రామాణిక ఆకుపొడి ఒకటి కూడా జతచేయమని ఎవరికైనా చెబుతాను. ఖర్చు కాస్త పెరుగుతుంది. కానీ ఆ రెండూ లేని రిపోర్టు మీద ఆధారపడి ఎవరి భూమి భవిష్యత్తునూ తేల్చకూడదు.

నీళ్ల కింద ఏం జరుగుతోంది

గుంట మధ్యలో పైపు గుచ్చితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చింది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. నీళ్లు నిలిచిన బురదలో ఆక్సిజన్ తొందరగా అయిపోతుంది. అప్పుడు సూక్ష్మజీవులు ముందు నైట్రేటును, ఆ తర్వాత మాంగనీసును, ఇనుమును, చివరికి సల్ఫేటును వాడుకుంటాయి. సల్ఫేటు సల్ఫైడుగా మారినచోట సీసం, కాడ్మియం, జింకు, రాగి దానితో కలిసి నీళ్లలో దాదాపు కరగని పదార్థాలవుతాయి. బ్యాటరీల యాసిడ్ వల్ల ఈ గుంటలో సల్ఫేటుకు కొదవ లేదు. కాలుష్యంతో పాటే వచ్చిన సల్ఫేటు ఇక్కడ లోహాలను కట్టిపడేయడానికి పనికొచ్చింది. పాలిష్ షెడ్డు నుంచి వచ్చిన ఆరు వేలెన్సీ క్రోమియం కూడా ఇలాంటి బురదలో మూడు వేలెన్సీ క్రోమియంగా మారిపోతుంది. మొదటిది నీళ్లలో కదిలేది, క్యాన్సర్ కారకం. రెండోది బురదకు అంటుకుని ఉండేది, విషం చాలా తక్కువ.

ఇక జమ్ము. దాని ఆకును అడ్డంగా కోసి చూస్తే లోపల వరసగా గాలి గదులు కనిపిస్తాయి. ఆ గదుల గుండా గాలి వేరుదాకా దిగుతుంది, కొంత వేరు బయటికీ కారుతుంది. ఆక్సిజన్ లేని బురదలో వేరు చుట్టూ మాత్రం పలచటి పొరలో ఆక్సిజన్ ఉంటుంది. బురద నీటిలో కరిగి ఉన్న ఇనుము ఆ పొరను తాకగానే తుప్పుగా మారి వేరుకు పూతలా పడుతుంది. కడిగిన వేర్లు నారింజ రంగులో కనిపించేది అందుకే. ఈ తుప్పు పూత లోహాలను గట్టిగా పట్టుకుంటుంది. మా నమూనాల్లో వేరులో ఉందనుకున్న సీసంలో పెద్ద భాగం నిజానికి ఈ పూతలోనే దొరికింది.

పూత దాటి లోపలికి వెళ్లిన సీసాన్ని వేరు కణాల గోడలు పట్టుకుంటాయి, కొంత ఫాస్ఫేటుతో కలిసి అక్కడే గడ్డకడుతుంది. కాండంలోకి, ఆకులోకి ఎక్కేది బహు తక్కువ. వేరులోని సీసం ఆకులోని సీసానికి పది రెట్లకు పైనే వచ్చింది. క్రోమియం కూడా అంతే. కాడ్మియం, జింకు మాత్రం కాస్త ఎక్కువగానే పైకెక్కాయి. జింకు మొక్కకు అవసరమైన పోషకం కాబట్టి దాన్ని పైకి మోసే ఏర్పాట్లు మొక్కలో ఉంటాయి. కాడ్మియం రసాయనికంగా జింకుకు దగ్గరి బంధువు, అదే దారిలో దూరిపోతుంది.

నీటి మొక్కల్లో చాలావరకు ఇదే తీరు. విషాన్ని వేరు దగ్గరే ఆపి, ఆకును కాపాడుకుంటాయి. లోహాలను ఆకులో నింపుకునే మొక్కలూ లోకంలో ఉన్నాయి. అమెరికాలో పరీక్షించిన ఒక ఫెర్న్ ఆర్సెనిక్‌ను అలా నింపుకుంటుందని 2001లో తేలింది. ఆకు ఎండు బరువులో కిలోకు సీసం 1000 మిల్లీగ్రాములు, కాడ్మియం 100 మిల్లీగ్రాములు దాటితేనే ఒక మొక్కను ఆ కోవలో చేరుస్తారు. జమ్ము దానికి దరిదాపుల్లో లేదు.

కోసి పారేస్తే ఎన్నేళ్లు?

యజమానికి ఈ వేర్ల సంగతులు చెబితే ఓపిగ్గా విన్నారు కానీ, ఆయనకు కావాల్సింది ఏళ్ల లెక్క. కాగితం మీద వేసి చూపించాను. ఎకరం నేల, పై 20 సెంటీమీటర్ల మట్టి. సుమారు 800 ఘనపు మీటర్లు, ఎండు బరువు ఇంచుమించు వెయ్యి టన్నులు, అంటే పది లక్షల కిలోలు. అందులో కిలోకు 500 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుందాం. మొత్తం 500 కిలోల సీసం. జమ్ము బాగా పెరిగితే ఎకరానికి ఏటా 8 టన్నుల ఎండు ఆకు వస్తుందనుకుందాం, అది తక్కువేమీ కాదు. ఆకులో కిలోకు 10 మిల్లీగ్రాముల సీసం ఉంటే, ఏడాది కోతంతా మోసుకెళ్లేది 80 గ్రాములు. అయిదు వందల కిలోలు పోవాలంటే ఆరు వేల ఏళ్లకు పైమాటే. ఆకులో పది రెట్లు ఎక్కువ ఉందనుకున్నా ఆరు వందల ఏళ్లు దాటుతుంది.

కాడ్మియానికి కిలో మట్టిలో 3, కిలో ఆకులో 1 మిల్లీగ్రాము వేసి చూశాం. అక్కడా మూడు వందల డెబ్బై ఏళ్లు దాటింది. ఆయన చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చున్నారు.

మట్టిలోని లోహాన్ని పట్టుకుని నీళ్లలో కరిగించే ఈడీటీఏ అనే రసాయనం పోస్తే మొక్క సీసాన్ని ఎక్కువగా లాగుతుందట కదా అని ఆయన బంధువొకరు అడిగారు. నిజమే, లాగుతుంది. కానీ కరిగిన సీసమంతా మొక్క వేరు కోసం ఆగదు, నీటితో కిందికీ పక్కకీ పోతుంది. కాలువ పక్కన, కొద్ది అడుగుల లోతులోనే నీళ్లు తగిలే ఈ నేలలో ఆ పని చేస్తే పక్కింటి బోరులోకి సీసం పంపినట్టే. ఈ మాట మీద నేను గట్టిగా నిలబడ్డాను.

కోసిన జమ్మును ఏం చేస్తారన్నది ఇంకో ప్రశ్న. మన పక్క జమ్ముతో పాకలు కప్పుకుంటారు, చాపలు అల్లుకుంటారు, ఎండినది పొయ్యిలోకి పోతుంది. కాలిస్తే ఆకులోని లోహం బూడిదలో చిక్కబడుతుంది, కాడ్మియం కొంత పొగలోనూ పోతుంది. ఆ బూడిద పెంటకుప్పకూ, అక్కడినుంచి పొలానికీ చేరుతుంది. గేదెలకు వేస్తే పాలదాకా వస్తుంది. ఏడాదికి 80 గ్రాముల సీసం తీయడానికి ఎనిమిది టన్నుల అనుమానపు గడ్డిని ఊళ్లోకి పంపడం ఏ రకంగానూ మంచి బేరం కాదు. కోయకుండా వదిలేయడమే మేలు.

గట్టు మీది కూర

జమ్ము చూడటానికి వెళ్లిన నా కళ్లు గట్టు మీదికి మళ్లాయి. నీటి అంచున పొన్నగంటి కూర దట్టంగా ఉంది. నీళ్ల మీదికి తూటికూర పాకి ఉంది. ఇద్దరు ఆడవాళ్లు కోసి, ఆ నీళ్లలోనే జాడించి, కట్టలు కడుతున్నారు. ఇంట్లో వండుకుని, మిగిలింది పొద్దున్నే వీధుల్లో అమ్ముతారు. కళ్లకు మంచిదని పొన్నగంటి కూరను మన ఇళ్లలో పిల్లలకు, బాలింతలకు ప్రత్యేకంగా పెడతారు కదా. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

రెండు కూరలనూ పరీక్ష చేయించాం, ఇంట్లో వండుకునే ముందు ఎలా కడుగుతారో అలాగే కడిగి. జమ్ము ఆకు కంటే రెండింటిలోనూ లోహాలు ఎక్కువగా ఉన్నాయి. కాడ్మియం పొన్నగంటి కూరలోనే అన్నిటికంటే ఎక్కువ. కారణం అది పెరిగే చోటే. గుంట మధ్య బురద ఎప్పుడూ నీటికింద ఉంటుంది, కాబట్టి కాడ్మియం సల్ఫైడుగా కట్టుబడి ఉంటుంది. గట్టు అంచు ఎండాకాలంలో ఆరుతుంది. ఆరిన బురదలోకి గాలి దిగితే సల్ఫైడు మళ్లీ సల్ఫేటవుతుంది, కాడ్మియం, జింకు విడుదలవుతాయి. ఇక్కడి సున్నం కొంత పట్టుకుంది కానీ మొత్తం కాదు. కాలువ కట్టేశాక అంచు బురదలోని నీటిని వేరుగా తీసి కొలిస్తే, నిండు గుంటలో కంటే కాడ్మియం, జింకు స్పష్టంగా పెరిగాయి. పొన్నగంటి వేరు సరిగ్గా ఆ అంచులోనే ఉంటుంది.

వరిలోనూ ఇదే జరుగుతుంది. కాడ్మియం ఉన్న పొలంలో ఈనిక దశలో నీళ్లు తీసేస్తే గింజలోకి కాడ్మియం ఎక్కువ చేరుతుంది. జపాన్‌లో జింజు నది పరీవాహకంలో గని నీళ్లు చేరిన పొలాల బియ్యం తిని జనానికి ఎముకలు విరిగిపోయే జబ్బు వచ్చింది, దానికి కాడ్మియమే కారణమని 1968లో అక్కడి ప్రభుత్వం తేల్చింది. మన గుంటలో అంత కాడ్మియం లేదు. కానీ శరీరంలో చేరిన కాడ్మియంలో సగం బయటికి పోవడానికే పది నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది, కొద్దికొద్దిగా తిన్నదీ మూత్రపిండాల్లో కూడుతూ పోతుంది.

రిపోర్టు చదవడంలో ఇంకో చిక్కు ఉంది. ల్యాబ్ అంకె ఎండు బరువు మీద ఉంటుంది, ఆహార ప్రమాణం పచ్చి కూర బరువు మీద ఉంటుంది. ఆకుకూరలకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు పచ్చి బరువులో కిలోకు సీసం 0.3, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు. ఆకుకూరలో నూటికి తొంభై పాళ్లు నీరే అనుకుంటే, ఎండు బరువులో ఆ హద్దులు 3, 2 అవుతాయి. ఎండు ఆకులో 5 మిల్లీగ్రాముల సీసం ఉందంటే నేల శుభ్రం చేసే లెక్కలో అది లెక్కలోకి రాని అంకె. పళ్లెంలోకి వచ్చేసరికి హద్దు దాటిన అంకె. మొక్క సీసాన్ని పీల్చదు కాబట్టి కూర తినవచ్చు అని ఎవరైనా అంటే, ఈ ఒక్క లెక్క చూపించండి.

ఆ ఆడవాళ్లతో మాట్లాడటమే ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన పని. "ఏళ్ల తరబడి కోస్తన్నాం బాబూ, ఎవరికేమైంది?" అంది పెద్దావిడ. నిజంగానే ఆమెకు ఏమీ అయినట్టు కనిపించదు. సీసం అలాగే పనిచేస్తుంది. కొద్దికొద్దిగా చేరితే జ్వరం రాదు, వాంతులు రావు. పెద్దవాళ్ల కంటే పిల్లల పేగులు సీసాన్ని చాలా ఎక్కువగా పీల్చుకుంటాయి, రక్తహీనత ఉంటే ఇంకా ఎక్కువ. చదువు మీద, తెలివి మీద పడే దెబ్బ పైకి కనిపించదు. ఇంతవరకైతే ప్రమాదం లేదని చెప్పగలిగే మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇదంతా భయపెట్టకుండా చెప్పాలి. "పెద్దమ్మా, కూర మంచిదే. ఈ గుంట మంచిది కాదు" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "మరి ఎక్కడ కోసుకోమంటావు?" అంది. సరైన ప్రశ్న అది. షెడ్లకు దూరంగా, ఎగువన ఉన్న కాలువ గట్టు నుంచి అవే కూరలు తెచ్చి పరీక్ష చేయించాం, హద్దులోనే ఉన్నాయి. ఆ చోటు చూపించాక వాళ్లు అక్కడికి మారారు. మనవల రక్తంలో సీసం పరీక్ష చేయించుకోమని కూడా చెప్పాను. ఒక్క కుటుంబం చేయించుకుంది, ఆ ఫలితం వాళ్ల సొంత విషయం.

ఆకుకూర అమ్మేవాళ్లకు వేరే దారి చూపకుండా బోర్డు పాతి వచ్చేసే పద్ధతి నాకు నచ్చదు, అది పనిచేయదు కూడా.

తోడకండి

మా పరీక్షలు నడుస్తుండగానే మెరక పోసే కాంట్రాక్టరు ఇంజను తెచ్చి గుంట తోడటానికి సిద్ధమయ్యాడు. మామూలు పల్లపు స్థలమైతే అదే పద్ధతి, నీళ్లు తోడి, ఆరబెట్టి, మట్టి పోస్తారు. ఇక్కడ ఆరబెట్టడమే ప్రమాదం. కాడ్మియం, జింకు వదులవడం ఒకటి. దానికంటే పెద్దది సీసం ధూళి. నీటికింద సల్ఫైడుగా ఉన్న సీసం కడుపులోకి వెళ్లినా అంత సులువుగా కరగదు. గాలికి మారి కార్బొనేటైన సీసం కడుపులోని ఆమ్లంలో ఇట్టే కరుగుతుంది. ఎండిన బురద మే నెల గాలికి లేచి పక్క ఇళ్ల అరుగుల మీద, ఆడుకునే పిల్లల చేతుల మీద పడుతుంది. పైగా తోడిన నీళ్లు బురదతో సహా మురుగు కాలవలో కలుస్తాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, నీళ్లు తీశాక ఇళ్లలో మిగిలిన బురదను ఈ ఊరు మర్చిపోలేదు. వరద బురదను ఎక్కడినుంచైనా ఎక్కడికైనా మోస్తుంది. బుడమేరు చివరికి కొల్లేరులో కలుస్తుంది, ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్ జాబితాకు 2002లో ఎక్కిన సరస్సు అది. ఇలాంటి గుంటల్లో బురద కదలకుండా ఉండటం మనకే కాదు, దిగువన ఉన్నవాళ్లకూ అవసరం. ఆ పని జమ్ము బాగా చేస్తోంది. దాని దుంపలు, వేర్లు బురదను అల్లుకుని పట్టుకున్నాయి. ఏటా కుళ్లే ఆకు బురదలో సూక్ష్మజీవులకు ఆహారమై, సల్ఫైడు తయారీ ఆగకుండా చూస్తోంది. కృత్రిమ చిత్తడి నేలలు కట్టి మురుగులో లోహాలు తగ్గించేచోట కూడా ఎక్కువ పని చేసేది బురదే. మొక్క ఒంట్లోకి వెళ్లేది కొద్ది భాగమే.

ఇంజను వెనక్కి పంపించాం. కాంట్రాక్టరుకు కోపం వచ్చింది, యజమానికి టెన్షన్ పెరిగింది. అప్పటికే ఆయన కొందరి దగ్గర అడ్వాన్సులు తీసుకుని ఉన్నారు.

చేసినది

సీసంలో అధిక భాగం మురుగు కాలవ నోటి దగ్గర చిన్న తావులోనే ఉంది కాబట్టి, మొత్తం గుంట జోలికి పోకుండా దాన్ని మాత్రం తీయాలని తేల్చాం. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలియజేసి, అనుమతి వచ్చాకే పని మొదలైంది. ఈ దశను దాటేద్దామని సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. సీసం బురద ప్రమాదకర వ్యర్థం, 2016 నిబంధనల కింద అధీకృత కేంద్రానికే వెళ్లాలి. రాత్రిపూట ట్రాక్టర్‌లో ఎత్తి ఇంకో పల్లంలో పోస్తే గుంట ఇంకో ఊరికి మారుతుందంతే.

కాలువ ఇంకా పారుతూ, గాలి వేడెక్కకముందే పని పెట్టుకున్నాం. ఇసుక బస్తాలతో ఆ తావు చుట్టూ అడ్డుకట్ట వేసి, లోపలి నీళ్లను ట్యాంకులో పోసి తేరనిచ్చి, సీసం లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపల ఉందని తేలాకే బయటికి వదిలాం. బురదను తడిగా ఉండగానే తీసి, కారకుండా మూసిన లారీలో పంపాం. గట్టున పడి ఉన్న బ్యాటరీ పెట్టెల ముక్కలు, పలకల తునకలు చేత్తో ఏరించాం. ఏరినవాళ్లకు గ్లోవ్స్, మాస్కులు ఇవ్వడంతో సరిపెట్టలేదు. పని బట్టలు అక్కడే విప్పి, స్నానం చేసి ఇంటికి వెళ్లేలా చూశాం. సీసం పని చేసేవాళ్ల ఇళ్లలో పిల్లలకు సీసం చేరే ముఖ్యమైన దారుల్లో ఆ బట్టలు ఒకటి.

తవ్విన చోట శుభ్రమైన బంకమట్టి పరిచి, గుంటలోని జమ్ము దుంపలే తెచ్చి నాటాం. మురుగు కాలవ నోరు మూయించాం. ఎండాకాలం అంచు ఆరకుండా, పరీక్షించిన బోరు నీళ్లు కాలువ కట్టేసిన రోజుల్లో వదిలే ఏర్పాటు చేశాం. అంచు పొడవునా పొన్నగంటిని తీసేసి తుంగ, జమ్ము నాటాం, కోయాలనిపించే కూర అక్కడ లేకుండా. ఫాస్ఫేటు ఎరువు కలిపితే సీసం ఇంకా గట్టిపడుతుందన్న సలహా కూడా వచ్చింది. అది నిజమే. కానీ ఈ గుంటలో ఫాస్ఫేటు పోస్తే గుర్రపుడెక్క కమ్మేస్తుంది, సల్ఫైడు చేస్తున్న పనికి అదనంగా వచ్చేది తక్కువ. వద్దన్నాను.

ప్లాట్ల విషయంలో యజమానితో వాదన ఇంకా పూర్తిగా తెగలేదు. షెడ్లవైపు గట్టి నేలలో పరీక్షలు బాగున్న భాగాన్ని వాడుకోవచ్చని, గుంట భాగాన్ని నీటితోనే వదిలేయాలని నా రిపోర్టులో రాశాను. గుంట కాడికి ఇల్లు కడితే పునాది కోసం తవ్వేది ఈ బురదనే. ఆయన అడ్వాన్సులు కొన్ని వెనక్కిచ్చారు. గుంట భాగాన్ని లేఅవుట్‌లో ఖాళీ స్థలంగా చూపించడానికి ఒప్పుకున్నారు, ఎప్పటికీ తవ్వకూడదన్న షరతును దస్తావేజులో రాయించడానికి మాత్రం ఇంకా ఆలోచిస్తున్నారు.

తీసిన తర్వాత మొదటిసారి కాలువ కట్టేసిన కాలంలో అంచు బురద నీటిని మళ్లీ కొలిచాం. కాడ్మియం, జింకు అంతకుముందు ఎండాకాలంతో పోలిస్తే బాగా తగ్గాయి. జమ్ము ఆకులో సీసం ఇంచుమించు అలాగే ఉంది, ఉంటుందని అనుకున్నదే. కొత్తగా నాటిన దుంపల వేర్లకు తుప్పు పూత పట్టడం మొదలైంది. ఇకపై ఏటా రెండుసార్లు, కాలువ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, కట్టేశాక ఒకసారి, అంచు నీటిని, పక్క ఇళ్ల బోర్లను, ఎగువ గట్టున పొన్నగంటి కూరను పరీక్షిస్తాం. కూర పరీక్ష ఖర్చు కూడా యజమానే భరిస్తానన్నారు.